బెలుం, గండికోట, తిరుమల: రాళ్లను చదవడం మొదలుపెట్టేవాళ్లు వెళ్లాల్సిన దారి

మా అక్క కూతురు ఇంటర్ అయిపోయి, డిగ్రీలో జియాలజీ తీసుకుంటానని పట్టుబట్టింది. "రాళ్ల చదువు చదివి ఏం చేస్తావే" అని ఇంట్లో తలా ఒక మాట అంటుంటే, నేను సెలవు పెట్టి దాన్ని తాడిపత్రి తీసుకొచ్చాను. మా అమ్మ ఉండేది అక్కడే. ఆ ఇంటి నుంచి బెలుం గుహలు, గండికోట చూసి, తర్వాత రైలెక్కి తిరుమల వెళ్లొచ్చాం. ఫొటోలే ముఖ్యమైతే గండికోటకే వెళ్లండి. రాయి గురించి తెలుసుకోవాలనుకుంటే మాత్రం బెలుంతో మొదలుపెట్టండి. కారణం ఉంది: బెలుం రాయి కన్నా గండికోట రాయి పాతది, తిరుమల ఘాట్ కింద ఉన్న గ్రానైట్ ఆ రెంటికన్నా పాతది. ఈ వరసలో వెళ్తే ఒక్కో చోటికీ కాలంలో ఇంకాస్త వెనక్కి వెళ్తాం.

తాడిపత్రి నుంచి బెలుం 30 కిలోమీటర్లు ఉంటుంది. బస్సులున్నాయి కానీ వాటి కోసం చూస్తూ కూర్చుంటే సగం రోజు పోతుంది, అందుకే కారు మాట్లాడుకున్నాం. అక్కడ దిగగానే పిల్ల, "పిన్నీ, కొండేదీ?" అంది. నిజమే, చుట్టూ చదును నేల. అందులో బావిలాంటి పెద్ద గొయ్యి, గొయ్యిలోకి మెట్లు. గుహంటే కొండలోనే ఉంటుందనుకునేవాళ్లకు మొదటి పాఠం అక్కడే దొరుకుతుంది.

లోపల చల్లగా ఉంటుందనుకోవద్దు. బాగా ఉక్కపోస్తుంది. గాలి పంపే ఏర్పాట్లున్నా చెమట ఆగదు. నూలు బట్టలు, నీళ్ల సీసా, జారని చెప్పులు ఉండాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు గుహలో బాగా లోతున ఉన్న పాతాళగంగ దాకా దిగకపోవడమే మంచిది.

1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి రాశాడు. 1982, 83లో గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం వచ్చి కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో మనల్ని తిరగనిచ్చేది ఒకటిన్నర కిలోమీటరు దాకా. గైడ్ అందరికీ చెప్పే వరసలోనే చెప్పుకుంటూ వచ్చాడు: ఇది సింహద్వారం, ఇవి కోటిలింగాలు, ఇవి వేయి పడగలు. మా పిల్ల ఒకచోట ఆగి, "అన్నా, ఈ గోడ ఇంత నున్నగా ఎందుకుంది?" అని అడిగింది. అతను టార్చిని గోడకు ఆనించి పక్కవాటుగా వేశాడు. పుస్తకం అంచులో కాగితాల్లా పలచని పొరలు వరసగా కనిపించాయి, వాటి మీదుగా నీళ్లు ఒరుసుకుపోయిన నునుపు. "నీళ్లమ్మా. ఒకప్పుడు ఇదంతా ఏరు" అన్నాడు. ఆ ఒక్క నిమిషం కోసమే మళ్లీ వెళ్లొచ్చు. అందుకే గైడ్‌ను ప్రశ్నలు అడగండి. అడగకపోతే పడగలు, లింగాలు చూసి బయటికొచ్చేస్తాం.

ఆ పొరలు సున్నపురాయి. ఎప్పుడో సముద్రం అడుగున పేరుకున్నది. వాన నీళ్లు గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్ పట్టుకుని కొంచెం ఆమ్లంగా మారతాయి. అవి పగుళ్లలోకి దిగి రాయిని కరిగించుకుంటూ దారి చేసుకుంటాయి. అలా కరిగిన సున్నమే పైకప్పు నుంచి చుక్కచుక్కగా కారే చోట మళ్లీ పేరుకుని కోటిలింగాలైంది. ముఖద్వారం మట్టం నుంచి 46 మీటర్ల లోతున ఉన్న పాతాళగంగ దగ్గర నీళ్లు ఇప్పటికీ పారుతున్నాయి.

బయటికొచ్చాక కొలిమిగుండ్ల వైపు ఒక్క పది నిమిషాలు తిరగండి. రోడ్డు పక్కన నాపబండలు తీసే గనులు, బండలు కోసే మిషన్లు కనిపిస్తాయి. గుహ గోడలో ఉన్నదీ ఆ రాయే. గుహలో దేన్నీ విరగ్గొట్టకూడదు, ముట్టకుండా ఉంటే ఇంకా మంచిది. ఇక్కడ పారేసిన ముక్కల్లోంచి ఒకటి అడిగి తెచ్చుకున్నాం.

గండికోటలో మాత్రం బస బాధపెట్టింది. లోయ అంచున టెంటు అని ఫొటోలు చూసి బుక్ చేశాను. అర్ధరాత్రి దాకా పక్క టెంట్ల వాళ్లు స్పీకర్లు పెట్టారు. బాత్రూమ్‌కి వెళ్లే దారిలో లైటు లేదు. లోయ అంచున కంచె కూడా లేని చోట, ఆడపిల్లను వెంటబెట్టుకుని ఉన్నానేమో, తెల్లవార్లూ టెన్షనే. పిల్లలతో వెళ్లేవాళ్లు టూరిజం వాళ్ల హరిత హోటల్లో ముందే గది చూసుకోండి, లేదా జమ్మలమడుగులో పడుకుని చీకటితో లేచి రండి.

కానీ పొద్దున్న ఆరింటికి ఆ లోయ చూస్తే రాత్రి పడ్డ బాధంతా పోయింది. అడుగున పెన్నా, రెండు పక్కలా ఎర్రగా నిలువు గోడలు. చాలామంది దాన్ని గ్రానైట్ అంటారు, కాదు. అది క్వార్ట్జైట్, అంటే ఇసుక గట్టిపడి, రేణువులు ఒకదానికొకటి అతుక్కుపోయి అయిన రాయి. అందులో అడ్డంగా పొరలు, నిలువుగా పగుళ్లు ఉంటాయి. రెండూ కలిసిన చోట రాయి దిమ్మలుగా విడిపోతుంది. ఎవరో ఇటుకలు పేర్చినట్టు కనిపించేది అందుకే. రాయి గట్టిది కాబట్టి లోయ వెడల్పుగా ఒరిగిపోకుండా నిటారుగా నిలబడింది. బండల పైభాగాన కొన్నిచోట్ల అలల గుర్తులు కూడా కనిపిస్తాయి, ఏటి ఒడ్డున తడి ఇసుక మీద ఉంటాయే, అచ్చం అవే. పిల్ల వాటి మీద చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు. మాధవరాయ గుడి, జామియా మసీదు, ధాన్యాగారం కూడా చూడాల్సినవే, ఎండెక్కకముందే చూసేయండి.

తిరుమల ఘాట్ రోడ్డులో జియలాజికల్ సర్వే వాళ్లు జాతీయ స్మారకంగా గుర్తించిన ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ ఉంది, అంటే బాగా పాత రాయి మీద చాలా కాలం తర్వాతి రాయి నేరుగా కూర్చున్న హద్దు గీత. కింద గ్రానైట్, దాని మీద నగరి క్వార్ట్జైట్. ఆ రెంటికీ మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల ఖాళీ. అంతకాలంలో అక్కడ ఏం పేరుకున్నా అంతా కొట్టుకుపోయిందన్నమాట, మిగిలింది ఆ గీత. బస్సు కిటికీలోంచి కొన్ని సెకన్లే కనిపించింది. ఘాట్‌లో మనిష్టం వచ్చిన చోట బండి ఆపడానికి లేదు కాబట్టి, ముందే బొమ్మలు చూసి, ఏం చూడాలో తెలుసుకుని కిటికీ పక్కన కూర్చోండి. పైన చక్రతీర్థం దగ్గరి శిలాతోరణం దగ్గర మాత్రం తీరిగ్గా నిలబడొచ్చు. 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న ఆ రాతి కమాను కూడా క్వార్ట్జైటే.

తాడిపత్రికి తిరిగొచ్చిన రోజు సాయంత్రం పిల్ల వంటింటి గడప దగ్గర కూర్చుని, కొలిమిగుండ్ల ముక్కను కత్తితో గీకింది. తెల్లటి పొడి రాలింది. దాని మీద నిమ్మకాయ పిండితే సన్నటి బుడగలు వచ్చాయి. గండికోట బయట రోడ్డు పక్కన ఏరుకొచ్చిన రాయి మీద కత్తి జారిపోయింది, గీత పడలేదు, నిమ్మరసానికి ఒక్క బుడగా రాలేదు.

మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి వచ్చి వంగి చూసింది. ఆ ఇంట్లో నేలంతా నాపబండలే. "చింతపండు పులుసు పడిన చోటల్లా బండ తెల్లగా మచ్చపడి గరుకెక్కుతాది. నలభై ఏండ్ల నుంచి తుడుస్తానే ఉండా. ఇందుకేనేమే?" అంది. పిల్ల లేచి, నిమ్మచెక్క చేత్తో పట్టుకునే, ఆ మచ్చ ఎక్కడుందో చూపించమని అమ్మమ్మ వెనకాలే వంటింట్లోకి వెళ్లింది.