ఆట ముగిశాక బొండమా, ఉప్పు మజ్జిగా?

కోనసీమలో కబడ్డీ ఆడే కుర్రాళ్లూ, కాలువ గట్ల మీద కానిస్టేబుల్ పరుగుకు తయారయ్యేవాళ్లూ మళ్లీ మళ్లీ అడుగుతున్నది ఇదే. కొబ్బరి బొండం చేతికందే దూరంలో ఉంటుంది కాబట్టి సగం మంది జవాబు ముందే అనుకుని అడుగుతారు. నా మటుకు ఇక్కడ ఏది మేలో తేల్చేది ఉప్పు. తక్కినవన్నీ దాని తర్వాతే.

లీటరు చెమటలో సోడియం (ఉప్పులో ఉండేది ఇదే) మనిషిని బట్టి అర గ్రాము నుంచి రెండు గ్రాముల దాకా పోతుంది, సగటున ఒక గ్రాము అనుకోండి. పొటాషియం పోయేది అందులో నాలుగో వంతు లోపే. డెల్టా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, ధారగా కారిపోతుంది. ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, చల్లబడకపోతే ఇంకా పోస్తుంది. వేసవి సాయంత్రం గంటన్నర గట్టిగా ఆడితే కిలో బరువు తగ్గడం మామూలే. నల్ల బనియను ఆరాక వీపు మీద తెల్లటి చారలు కడితే, మీ చెమటలో ఉప్పు ఎక్కువన్నమాట.

ఇప్పుడు బొండం చూద్దాం. అంబాజీపేట కాయైనా, పాలకొల్లు కాయైనా ఒక్కోదానిలో 300 మిల్లీలీటర్లకు అటూ ఇటూగా నీళ్లుంటాయి. పొటాషియం 600 మిల్లీగ్రాముల పైమాటే. సోడియం మాత్రం చాలా కాయల్లో దానిలో సగం కూడా ఉండదు. అంటే మనం తక్కువగా పోగొట్టుకున్నదాన్ని అది దండిగా ఇస్తుంది, ఎక్కువగా పోయినదాన్ని అరకొరగా ఇస్తుంది. ఉప్పు లేకుండా నీళ్లే పట్టిస్తే రక్తం పలచబడుతుంది, దాహం ముందే చల్లారుతుంది, తాగినది మూత్రంగా వెళ్లిపోతుంది. రాత్రి పిక్కలు పట్టేశాయంటే కారణం కొన్నిసార్లు ఇదే, కాకపోతే కండరం బాగా అలిసినా పడతాయి. బొండమే ఇష్టమైతే రెండు కాయల నీళ్లలో పావు చెంచా ఉప్పు కలపండి. చిటికెడు చాలదు.

మజ్జిగ దగ్గర ఈ చిక్కు లేదు, ఉప్పు వేసుకోవడం మన అలవాటే. పావు కిలో పెరుగులో ముప్పావు లీటరు నీళ్లు పోసి చిలికి, వెన్న తీసేసి, అర చెంచా ఉప్పు వేయండి. లీటరుకు సోడియం గ్రాము పైగా, మాంసకృత్తులు 8 గ్రాముల దాకా వస్తాయి. అల్లం, కరివేపాకు మీ ఇష్టం. పుల్లబడిన మజ్జిగ వద్దు, అలిసిన కడుపులో మంట పుడుతుంది. ఉప్పు రెట్టింపు వేస్తే కొందరికి వికారం రావచ్చు.

ఎంత తాగాలో తూకమే చెబుతుంది. ఆటకు ముందూ తర్వాతా, చెమట తుడుచుకుని, తడి బట్టలు తీసేసి బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలోకూ 1.25 నుంచి 1.5 లీటర్లు తాగాలి. ఒక్క గుక్కలో కాదు, పావుగంటకో గ్లాసు చొప్పున. బరువు తగ్గకపోతే ఈ లెక్కలతో పనిలేదు, మామూలు నీళ్లూ భోజనమూ చాలు. బీపీ, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఉప్పైనా, బొండమైనా డాక్టరును అడిగాకే.

ఓఆర్‌ఎస్ పొడి పనిచేస్తుంది, లీటరుకు సోడియం ఒకటిన్నర గ్రాము పైనే ఉంటుంది. లీటరు ప్యాకెట్టును గ్లాసు నీళ్లలో కలిపేయడమే జరిగే పొరపాటు. అంత చిక్కటి నీళ్లు పేగుల్లోకి తిరిగి నీటిని లాగుతాయి, వాంతి అవుతుంది. స్పోర్ట్స్ డ్రింకులు ఖరీదైన పంచదార నీళ్లకు కాస్త మెరుగు. చెరకు రసం, కూల్ డ్రింకు దీనికి పనికిరావు.

తిండి విషయంలో గడువు ముఖ్యం. ఉదయం ఆడి సాయంత్రం మళ్లీ మ్యాచ్ ఉంటే, మొదటి నాలుగు గంటల్లో గంటకు, మీ బరువు కిలోకు ఒక గ్రాము చొప్పున పిండిపదార్థం పడాలి. 60 కిలోల ఆటగాడికి 60 గ్రాములు, అంటే రావులపాలెం నుంచి వచ్చే పెద్ద అరటిపళ్లు రెండు మూడు, లేదా పావు కిలోకు తక్కువ అన్నం. దానితో పాటు మాంసకృత్తులు ఒకసారికి 20 గ్రాములు: మూడు గుడ్లు, లేదా 100 గ్రాముల చేప. పెసరట్టు ఒక్కటి చాలదు, రెండు మూడు కావాలి, అదీ నూనె తగ్గించి. మర్నాడు దాకా ఆట లేకపోతే ఇంత హడావుడి అక్కర్లేదు, రోజంతటి మీద సరిగ్గా తింటే చాలు.

పొద్దున ప్రాక్టీసు తర్వాత నాకు అన్నిటికన్నా నచ్చేది చద్దన్నం. పిండిపదార్థం, నీళ్లు, మజ్జిగ, ఉప్పు, నంజుకునే ఆవకాయలో ఇంకాస్త ఉప్పు, అన్నీ ఒక్క గిన్నెలో ఉన్నాయి. లోటల్లా మాంసకృత్తులే, పక్కన ఉడికించిన గుడ్లు పెట్టుకోండి. వేసవి రాత్రి అన్నం త్వరగా పాడవుతుంది కనుక, వేడి తగ్గగానే నీళ్లు పోసి, ఫ్రిజ్ ఉంటే అందులోనే ఉంచండి.