ఉప్పునీటి పంపుకి మోనెల్ షాఫ్ట్: కొన్నేళ్లు వాడాక

అంతర్వేది దగ్గర పాయలోంచి పోటు సమయంలో ఉప్పునీళ్లు తోడి రొయ్యల చెరువులకి పెడతాం. మా పంపులకి మామూలు ఇనుప షాఫ్ట్ ఆగేది కాదు. 316 స్టెయిన్‌లెస్ పైకి తళతళలాడుతూనే ఉంటుంది, షాఫ్ట్ చుట్టూ నీళ్లు కారకుండా బిగించే గ్లాండ్ విప్పితే, అందులో కూరే ప్యాకింగ్ కింద సూదితో పొడిచినట్టు గుంటలు. అందుకే మోనెల్ 400 అనే నికెల్-రాగి మిశ్రమలోహానికి మారాం.

ఇందులో నికెల్ కనీసం 63 శాతం, రాగి 28 నుంచి 34 శాతం. పారే సముద్రపు నీటిలో ఏడాదికి 0.025 మిల్లీమీటరు కూడా అరగదంటారు; మా షాఫ్ట్ చూస్తే నమ్మబుద్ధేస్తుంది. కానీ 'పారే' అన్న మాట మర్చిపోకూడదు. పంట విరామంలో పంపు నిండా ఉప్పునీళ్లు నిలవుంచితే దీనికీ గుంటలు పడతాయి. మేం పంపు ఆపగానే కాలవనీళ్లతో కడిగి, పూర్తిగా వంపేస్తాం. గ్రాఫైట్ ప్యాకింగ్ దగ్గరికి రానివ్వం, ఉప్పునీటిలో అది మోనెల్‌నే తినేస్తుంది.

మా ప్రాంతంలో అసలు శత్రువు బ్లీచింగ్. చెరువు శుద్ధికి కలిపిన నీళ్లు ఈ పంపుతో తోడకండి. క్లోరిన్ ఘాటుకి మోనెల్ నిలవదు. దానికి వేరే ప్లాస్టిక్ పంపు పెట్టుకున్నాం.

లేత్ పని ఇంకో తలనొప్పి. "ఆయ్, టూలు ఒక్కచోట ఆగి రుద్దిందంటే అక్కడే గట్టిపడిపోతాదండి," అంటాడు మా మేస్త్రి. పదునైన టూలు, తక్కువ వేగం, ధారగా కూలెంట్ కావాలి. కూలి ఎక్కువే అడుగుతాడు, న్యాయమే. మోనెల్ బోల్టుకి మోనెల్ నట్టు గ్రీజు లేకుండా బిగిస్తే పట్టేసుకుంటుంది, ఇక కోసి తీయాల్సిందే.

పంపు బయటి డొల్ల, అంటే కేసింగ్, మాత్రం పోత ఇనుమే ఉంచాం. పెద్ద ఇనుప భాగంలో చిన్న మోనెల్ ముక్క ఉంటే పెద్దగా ఇబ్బంది రాదు. అదే తిరగేసి, మోనెల్ ఫ్లేంజికి ఇనుప బోల్టులు వేశారో, ముందు బోల్టులే పోతాయి.

అసలు మోనెలేనా అని చూసే అయస్కాంతం పరీక్షని నమ్మకండి. 400 రకం చలికాలం పొద్దున్న కాస్త లాగొచ్చు, మే నెల ఎండలో అసలు లాగకపోవచ్చు. కొనేటప్పుడు టెస్ట్ సర్టిఫికెట్ అడిగి, అందులోని హీట్ నంబరు (లోహం ఏ పోతలోదో చెప్పే నంబరు) రాడ్డు మీదున్న దానితో సరిచూసుకోండి. పొడవాటి షాఫ్టుకి బలం చాలకపోతే అల్యూమినియం, టైటానియం కలిపిన మోనెల్ కె-500 తీసుకోవాలి, బలం దాదాపు రెట్టింపు.

ధర 316కి ఎన్నో రెట్లు. తోడే పంపుకి పెట్టొచ్చు. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లకి మాత్రం దండగ.