సెంటర్ స్పీకర్‌కి రెండు వూఫర్లా, ఒక్క కోయాక్సియలా?

విశాఖ పెదవాల్తేరులో మా ఇంటి హాలు చిన్నది. టీవీకి మూడు మీటర్ల దూరంలో సోఫా, దాని ఎడమ చివర అమ్మ కూర్చునే చోటు. సినిమా పెట్టిన కాసేపటికే ‘ఏటన్నాడ్రా?’ అని అడగడం మొదలుపెట్టేది. అమ్మకి వినికిడి తగ్గిందేమోనని టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే లోపం నేను కట్టిన సెంటర్ స్పీకర్‌దే, అంటే సినిమాలో మాటలు పలికే నడిమి స్పీకర్‌దే.

అది చాలామంది కట్టే పద్ధతే. అడ్డంగా పడుకోబెట్టిన పెట్టె, మధ్యలో సన్నటి శబ్దాలకి ట్వీటర్, అటూ ఇటూ మిగతా శబ్దాలకి నాలుగంగుళాల వూఫర్లు. టీవీ కింద చక్కగా ఇముడుతుంది, గట్టిగా మోగుతుంది, ఎదురుగా కూర్చుంటే మాట స్పష్టంగా వినిపిస్తుంది. చిక్కల్లా పక్కన కూర్చున్నవాళ్లకే. నా పెట్టెలో రెండు వూఫర్ల కేంద్రాల మధ్య దూరం 25 సెంటీమీటర్లు. 2 కిలోహెర్ట్జ్ దగ్గర శబ్ద తరంగం పొడవు సుమారు 17. మనిషి 20 డిగ్రీలు పక్కకి జరిగితే దూరపు వూఫర్ శబ్దం ఎనిమిదిన్నర సెంటీమీటర్లు ఎక్కువ ప్రయాణించి వస్తుంది. అంటే సగం తరంగం. దాంతో రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మూడు మీటర్ల దూరంలో 20 డిగ్రీలంటే మీటరు పైచిలుకు. సరిగ్గా అమ్మ చోటు! హల్లులు విడివిడిగా తెలిసేది ఎక్కువగా ఈ ఫ్రీక్వెన్సీల దగ్గరే కాబట్టి మాట వినిపిస్తుంది, అర్థం కాదు.

మీ స్పీకర్ సంగతి తేల్చుకోవాలంటే పింక్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన ‘హుష్’ శబ్దం) పెట్టి, సోఫా ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా నడవండి. ఆ ‘హుష్’ శబ్దం తీరు మారుతూ ఉంటే ఇదే జబ్బు. రెండో వూఫర్‌ని 500 హెర్ట్జ్ పైన మోగకుండా ఆపేస్తే చాలావరకు తగ్గుతుంది. పెట్టె ఇప్పటికే కట్టేసినవాళ్లకి నా సలహా అదే.

కొత్తగా కట్టేవాళ్లకి మాత్రం కోయాక్సియలే మేలంటాను. అయిదంగుళాల వూఫర్ నడుమనే ట్వీటర్ ఉంటుంది కాబట్టి శబ్దమంతా ఒకే చోటు నుంచి వస్తుంది, అడ్డంగా ఎటు కూర్చున్నా తేడా తక్కువ. అయితే వూఫర్ కోన్ బాగా ఊగితే దాని మధ్యనున్న ట్వీటర్ శబ్దం కూడా చెడుతుంది. అందుకే 100 హెర్ట్జ్ కింద ఉన్నదంతా సబ్‌వూఫర్‌కి (లోతైన శబ్దాల కోసం పెట్టే విడి స్పీకర్‌కి) వదిలేశాను. ఇక పోర్ట్ (పెట్టెకి పెట్టే గాలి రంధ్రం) అవసరమే లేదు, పూర్తిగా మూసేసిన ఆరు లీటర్ల సీల్డ్ పెట్టె సరిపోయింది. పెద్ద హాల్లో మోత మోగాలంటే మాత్రం రెండు వూఫర్లదే పైచేయి, అది ఒప్పుకోవాలి.

యాంప్ పెట్టెలోనే ఉండాలనుకుంటే శబ్దాన్ని వూఫర్‌కి, ట్వీటర్‌కి విడగొట్టే కాయిళ్ల క్రాసోవర్ కంటే డీఎస్పీ (ఆ పని డిజిటల్‌గా చేసే చిప్), రెండు చానళ్ల క్లాస్-డి యాంప్ బోర్డు నయం. వూఫర్‌కి ఒక చానల్, ట్వీటర్‌కి ఒకటి. కోయాక్సియల్‌లో ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత గట్టిగా మోగుతుందన్నది) ఎత్తుపల్లాలు ఎక్కువ. వాటిని కాయిళ్లతో సరిచేయబోతే ఆ పార్టులకే బోలెడు చోటు పోతుంది. డీఎస్పీలో అయితే నచ్చేదాకా మార్చుకోవచ్చు. కానీ డబ్బు పెట్టే ముందు మీ రిసీవర్ (స్పీకర్లన్నిటికీ శబ్దం పంచే పెట్టె) వెనక సెంటర్‌కి ప్రీ-అవుట్, అంటే బయటి యాంప్‌కి సిగ్నల్ ఇచ్చే సాకెట్, ఉందో లేదో చూడండి. తక్కువ ధర మోడళ్లలో చాలావాటికి ఉండదు. అది లేకపోతే లోపల యాంప్ లేని మామూలు పాసివ్ స్పీకరే మీ దారి.

పెట్టెకి చెక్క ఎంచుకోవడంలో మన ఊళ్లో రెండో ఆలోచన వద్దు. ఎండీఎఫ్ (చెక్కపొడిని జిగురుతో నొక్కి చేసిన పలక) కోయడం తేలికే గానీ, తేమ తగిలితే అంచులు ఉబ్బుతాయి. మెరైన్ ప్లైవుడ్ ఖరీదెక్కువైనా అదే వాడాను. పాత పెట్టెకి మామూలు స్క్రూలు వేస్తే రెండో వర్షాకాలానికే తల చుట్టూ ఎర్రటి తుప్పు మరకలు పడ్డాయి. ఈసారి అన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువే. కోన్ చుట్టూ ఉండే అంచు కూడా ఫోమ్ కాకుండా రబ్బరుది చూసి తీసుకున్నాను, ఈ ఉక్కపోతలో ఫోమ్ పొడిపొడిగా రాలిపోతుంది.

టీవీ బల్ల ఎత్తు తక్కువ కాబట్టి పెట్టె ముందు వైపు కింద చిన్న చెక్కముక్క పెట్టి కాస్త పైకి వాల్చాను, ట్వీటర్ నేరుగా చెవుల్ని చూసేలా. అమ్మ ఆ చివరే కూర్చుంటోంది. నిన్న రాత్రి సినిమా అయ్యేదాకా ఒక్కసారి కూడా నన్ను అడగలేదు.