గుంటూరులో ఎక్స్‌పోర్ట్ కాగితాల ఆఫీసు: పని బాగుంది, బిల్లే బాలేదు

మాది గుంటూరులో చిన్న కారం మిల్లు. దుబాయ్‌లో కిరాణా షాపులకు సరుకు వేసే ఒకాయన మన కారం కావాలని అడిగితే, మిర్చి యార్డుకి దగ్గర్లో ఉన్న ఈ ఆఫీసుకి వెళ్లాం. పేరు రాయను, కింద కాస్త తిట్లున్నాయి.

2022 మే 1 నుంచి యూఏఈతో (దుబాయ్ ఉన్న దేశం) మన వాణిజ్య ఒప్పందం అమల్లో ఉంది కదా, ఇక సుంకం గొడవే లేదని మాకు కనిపించిన ప్రతివాడూ చెప్పాడు. ఈ ఆఫీసాయన మాత్రం ముందు హెచ్ఎస్ కోడ్, అంటే కస్టమ్స్ వాళ్లు ఒక్కో సరుకుకి ఇచ్చే నంబరు, ఏంటని అడిగాడు. ఎండు కాయైతే 090421, పొడి కొడితే 090422, పచ్చడైతే లెక్క వేరే, రాయితీ ఉందా లేదా అన్నది ఆ కోడ్‌ని బట్టే తేలుతుందట. పైగా సుంకం మిగిలేది అక్కడ కొనేవాడికి, దానికి సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ (సరుకు ఇండియాదేనని చెప్పే పత్రం) తీయాల్సింది ఇక్కడ మనం, అది లేకపోతే ఒప్పందం ఉన్నా ఆయన మామూలు సుంకం కట్టాల్సిందే. "అందుకే రేటు మాట్లాడేటప్పుడే అందులో మీ వాటా అడగండి" అన్నాడు. ఈ ముక్క మా ఆడిటర్ కూడా చెప్పలేదు.

స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్, ఐజీఎస్టీ పన్ను కట్టకుండా పంపడానికి ఎల్‌యూటీ అనే హామీపత్రం, పోర్టులో ఏడీ కోడ్ (మన బ్యాంకు కోడ్) నమోదు, ఇవన్నీ నడిపించాడు. ఐఈసీ (ఎగుమతి దిగుమతులకు కావాల్సిన కోడ్) మాత్రం 500 రూపాయల ఫీజుతో ఆన్‌లైన్‌లో మీరే తీసుకోండి, నాకెందుకు డబ్బులు అన్నాడు. అలా చెప్పేవాళ్లు తక్కువ.

యూరప్ సంగతేంటని అడిగితే మా శాంపిల్ సంచిలోంచి ఒక తేజ రకం మిరపకాయ తీసి విరిచాడు. పైకి ఎర్రగా నిగనిగలాడుతోంది, లోపల గింజల చుట్టూ బూడిదరంగు బూజు. అక్కడ మిర్చిలో, బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషంలో బి1 రకం కిలోకి 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 దాటకూడదు, దాటితే సుంకం సున్నా అయినా కంటైనర్ వెనక్కే. కాయ సరిగ్గా ఎండకుండా గోతాల్లోకి ఎక్కితే వచ్చే తంటా ఇది. స్పైసెస్ బోర్డు ల్యాబ్ గుంటూరులోనే ఉంది, అక్కడ పరీక్ష చేయించాకే అడ్వాన్స్ తీసుకోమన్నాడు. అప్పట్నుంచి మేం తొడిమ తీసిన కాయ కొన్నా సరే, టిక్కీ (మిర్చి బస్తా) విప్పించి నాలుగు కాయలు విరిచి చూడందే తూకం వేయించట్లేదు. కమిషన్ వాళ్లు విసుక్కుంటున్నారు, విసుక్కోనీ.

ఇక బిల్లు. మొదట నోటితో ఒక రేటు చెప్పారు, చివర్లో కొరియర్, "సవరణ చార్జీలు" అంటూ వేరే వరసలు వచ్చి కూర్చున్నాయి. ఆ సవరణ ఏంటయ్యా అంటే, ఇన్‌వాయిస్‌లో ఒక నికర బరువు, ప్యాకింగ్ లిస్టులో ఇంకోటి, తప్పు టైప్ చేసింది వాళ్ల కుర్రాడే! గట్టిగా అడిగితే ఆ ఒక్కటి తీసేశారు. మధ్యాహ్నం దాటితే ఫోన్ కూడా ఎత్తరు, సరుకు పోర్టులో ఉన్నప్పుడు ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

మొదటిసారి పంపేవాళ్లయితే వెళ్లండి. ఏ పనికి ఎంతో కాగితం మీద రాయించుకుని, డ్రాఫ్టుల్లో బరువులు మీరే ఒకసారి చూసుకున్నాకే సంతకం పెట్టండి.