పారిస్‌లో ఫ్రెంచి నమూనా నాణేలు కొనడానికి నమ్మదగిన దుకాణం

పారిస్‌లో పాత స్టాక్ ఎక్స్ఛేంజి భవనం దగ్గర వివియెన్ వీధిలోనూ చుట్టుపక్కలా నాణేల వర్తకులు చాలామంది ఉన్నారు. వారిలో ఒకరి చిన్న దుకాణంలో నేను రెండు నమూనా నాణేలు కొన్నాను. కొత్త నాణెం విడుదలకు ముందు లోహం, బొమ్మ, అంచు ఎలా వస్తాయో చూసుకోవడానికి టంకశాల కొద్ది సంఖ్యలో ముద్రించి, ‘ఎస్సే’ (ఫ్రెంచిలో ‘ప్రయోగం’) అన్న మాట వేసి ఉంచే నాణేలివి.

ఆ మాట కనబడగానే అరుదైన వస్తువని చెప్పి ధర పెంచే వర్తకులకు కొదవ లేదు. ఈ దుకాణదారు అలా చేయలేదు. నేను మొదట అడిగిన 1959 నాటి ఒక ఫ్రాంకు నికెల్ నమూనా మీద ఉన్న, ఒస్కార్ రొతీ చెక్కిన విత్తనాలు చల్లే స్త్రీ బొమ్మే 1960 నుంచి యూరో వచ్చేదాకా చలామణీలో ఉన్నదనీ, కాబట్టి దీనికి ఎక్కువ పెట్టవద్దనీ ఆయనే చెప్పారు. పక్కన వాడిన నాణెం పెట్టి భూతద్దం చేతికిచ్చారు. వాడిన దానిలో అరిగి కలిసిపోయిన దుస్తుల మడతలు, ఆమె వెనుక ఉదయిస్తున్న సూర్యుడి కిరణాలు నమూనాలో గీతకు గీత విడిగా కనిపించాయి.

నా మనసు దోచుకున్నది మాత్రం రెండోది, వరెన్ అనే శిల్పి చేసిన 25 సాంతీముల (పావు ఫ్రాంకు) నమూనా. పతే అనే శిల్పి రూపొందించిన 1903 నాటి 25 సాంతీముల గుండ్రని నికెల్ నాణేన్ని జనం వెండి ఫ్రాంకుగా పొరబడుతున్నారని మరుసటి ఏడు దానికి 22 పలకలు పెట్టారు. అదీ ఎక్కువ కాలం నిలవలేదు. చివరికి మధ్యలో చిల్లుతో లిండావర్ అనే మరో శిల్పి చేసిన రూపం ఎంపికైంది. ఆ కాలంలోనే వరెన్ చేసిన 25 సాంతీములు నమూనాగానే మిగిలిపోయాయి. చలామణీ ముఖం చూడని అటువంటి నాణెం ఖరీదైనదే అయినా, నా ఎదుటే తూకం వేసి, కేటలాగులో దాని పుట చూపించి, పూర్తి వివరాలు రసీదులో రాసి ఇచ్చారు కనుక ఆ ధర సమంజసమనే భావిస్తున్నాను.

లోపం ఒక్కటే. నాణేలను మెత్తని పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో ఇస్తున్నారు. కాలక్రమంలో వాటి నుంచి వెలువడే ఆమ్లం నాణెం మీద పచ్చని జిగురు పొరను తెస్తుంది. ఇంత శ్రద్ధగా అమ్మే చోట ఇది క్షమించదగినది కాదు. గట్టి ప్లాస్టిక్ డబ్బీలు అడిగితే విడిగా డబ్బు తీసుకుని ఇస్తారు. తప్పక అడిగి తీసుకోండి.