కొబ్బరి నీడలో కారవాన్: ట్యూబులర్ మేలా, లిథియం మేలా?

మా పాత వ్యానును కారవాన్‌గా మార్పించుకున్న నాటి నుంచి, అంతర్వేది తీరంలోనో దిండి దగ్గరో ఆగిన ప్రతిసారీ ఎవరో ఒకరు తలుపు దగ్గరికి వచ్చి ఇదే అడుగుతున్నారు: ఫ్యాన్లు, ఫ్రిజ్ దేనిమీద నడుస్తున్నాయి, ట్యూబులర్ బ్యాటరీ మీదా, లిథియం మీదా? రెండూ వాడి చూశాను. మొదట 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్, అంటే ఇళ్లలో ఇన్వర్టర్లకు పెట్టే లెడ్ యాసిడ్ బ్యాటరీ, పెట్టించాను. ఏడాదిన్నరకే పోయింది. ఇప్పుడున్నది 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్.

ధర, బరువు లెక్కలు చాలామందికి తెలిసినవే. ట్యూబులర్ యాసిడ్‌తో కలిపి యాభై కిలోలు దాటుతుంది, లిథియం పన్నెండు పదమూడు కిలోలు. ట్యూబులర్‌ను సగానికి మించి వాడకూడదు కాబట్టి 150 ఏహెచ్‌ను 12 వోల్టులతో గుణిస్తే వచ్చే 1,800 వాట్ అవర్లలో చేతికి వచ్చేది 900. లిథియంలో 80 శాతం వాడుకున్నా వెయ్యి పైచిలుకు దక్కుతుంది. ధర మాత్రం రెండింతల పైమాటే. ఈ లెక్కలన్నీ వేసుకునే నేను ట్యూబులర్ కొన్నాను, డబ్బు ఆదా అయిందనుకున్నాను. ఆ బ్యాటరీ ఎప్పుడు నిండుతుంది అన్నది మాత్రం ఆలోచించలేదు.

లెడ్ యాసిడ్ బ్యాటరీ వాడకం వల్ల కన్నా నిండకపోవడం వల్లే త్వరగా చెడిపోతుంది. 80 శాతం వరకు చకచకా ఎక్కిన ఛార్జి ఆ పైన నత్తనడక నడుస్తుంది. ఛార్జరు ఎంత పెద్దదైనా చివరి 20 శాతానికి నాలుగైదు గంటలు పడుతుంది. అది పూర్తి కాకుండానే మళ్లీ వాడుకుంటూ పోతే, ప్లేట్ల మీద మిగిలిన లెడ్ సల్ఫేట్ రోజురోజుకూ గట్టిపడి పేరుకుంటుంది. ఇక కోనసీమలో మన తిరుగుడు చూడండి. అమలాపురం నుంచి అంతర్వేదికి గంటన్నర. సఖినేటిపల్లిలో పంటు ఎక్కితే నరసాపురం అవతలి గట్టే. ఇంజిన్ నాలుగైదు గంటలు ఆగకుండా నడిచే ప్రయాణమే ఉండదు. పైకప్పు మీద సోలార్ ప్యానెళ్లు ఉన్నాయి కదా అంటారు. మే నెల ఎండలో వ్యానును కొబ్బరి చెట్ల కింద కాక ఎక్కడ ఆపుతాం? ఒక్క మట్ట నీడ అడ్డంగా పడినా ప్యానెల్ ఇచ్చే కరెంటు సగానికి పైగా పడిపోవచ్చు. మనకు చల్లగా ఉన్నచోట బ్యాటరీ పస్తు పడుకుంటుంది.

నా ట్యూబులర్ మొరాయించినప్పుడు రావులపాలెంలో బ్యాటరీ దుకాణం నడిపే పెద్దాయన యాసిడ్ చిక్కదనం (గ్రావిటీ) కొలిచే హైడ్రోమీటరు ముంచి చూశారు. నిండా ఛార్జి అయితే 1.240 చుట్టూ ఉండాల్సిన గ్రావిటీ ఏ సెల్లులోనూ 1.180 దాటలేదు. రాత్రంతా ఛార్జింగుకు పెట్టినా పెరిగింది అంతంతమాత్రమే. "నీళ్లు సరిగ్గానే పోశారండి. కడుపు నిండా పెట్టలేదు, అంతే" అన్నారు. నెలనెలా డిస్టిల్డ్ వాటర్ చూసుకుంటూ, టెర్మినళ్లు తుడుచుకుంటూ దాన్ని బాగానే సాకుతున్నానని నమ్మినవాణ్ణి. ఆ మాటకు చాలా బాధపడ్డాను.

లిథియానికి ఆ పట్టింపు లేదు. సగం నిండి ఉండటమే దానికి సుఖం. ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌కూ బ్యాటరీకీ మధ్య ఉండి, ఆ కరెంటును అదుపులో ఎక్కించేది డీసీ-డీసీ ఛార్జరు. గంటన్నర ప్రయాణంలో 30 ఆంపియర్ల ఛార్జరు దాదాపు 600 వాట్ అవర్లు ఎక్కిస్తుంది. మా ఫ్రిజ్‌కు, రెండు ఫ్యాన్లకు, దీపాలకు రోజుకు 900 కావాలి. మిగిలిన 300 మట్టల సందుల్లోంచి పడే ఎండ ఇచ్చేస్తుంది. ఇవ్వని రోజున మనకు కరెంటు తక్కువవుతుందేమో గానీ బ్యాటరీకి నష్టం లేదు. ఖర్చు తగ్గుతుందని ఆ ఛార్జరు మానేసి లిథియాన్ని నేరుగా ఆల్టర్నేటర్‌కు మాత్రం కలపకండి. అది ఇచ్చినంతా బ్యాటరీ లాగేస్తుంది, ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉంది.

లిథియం పెట్టించాక చూడనక్కర్లేదని కాదు. 80 శాతం దగ్గరా, 40 శాతం దగ్గరా వోల్టేజి 13 చుట్టూనే ఉంటుంది కాబట్టి ఎంత మిగిలిందో తెలియాలంటే బ్యాటరీలోకి వచ్చిపోయే కరెంటును లెక్కపెట్టే షంట్ మీటరు తప్పదు. నెలల తరబడి వ్యాను కదలకపోతే దాన్ని సగం ఛార్జితో ఉంచాలి. ట్యూబులర్‌ను అయితే నిండా ఛార్జి చేసి ఉంచి, నెలకోసారి మళ్లీ నింపాలి. సున్నా డిగ్రీల కన్నా తక్కువ చలిలో లిథియాన్ని ఛార్జి చేయకూడదు. శీతాకాలంలో లంబసింగి వెళ్లేవారు తప్ప మనలో ఎవరికీ ఆ అవసరం రాదు, వారు కూడా బ్యాటరీని వ్యాను లోపలే పెట్టుకుంటే చాలు. సముద్రపు గాలికి టెర్మినళ్లు చిలుము పట్టడం రెండింటికీ ఉన్నదే, కాస్త వాజలీన్ రాయండి.

లెడ్ యాసిడ్‌లోనే జెల్, ఏజీఎం అనే మూసిన రకాలకు నీళ్లు పోయనక్కర్లేదు. నిండకపోతే వాటికీ అదే జబ్బు. కారు బ్యాటరీ ప్లేట్లు పలుచన, ఈ పనికి పనికిరావు.

పాలకొల్లులో ఉండే మా బావగారికి మాత్రం ట్యూబులరే పెట్టించుకోమన్నాను. ఆయన వ్యాను నెలకోసారి కదులుతుంది, మిగతా రోజులు ఇంటి ముందు ప్లగ్గుకే తగిలించి ఉంటుంది. తీరిగ్గా, పూర్తిగా నిండుతుంది. అలాంటప్పుడు రెండింతల డబ్బు దేనికి? రెండు విషయాలు మాత్రం గట్టిగా చెప్పాను. తీరం దగ్గరి బోరు నీళ్లలో ఉప్పు ఉంటుంది, అందులోని క్లోరైడ్ ప్లేట్లను తినేస్తుంది కాబట్టి డిస్టిల్డ్ వాటర్ తప్ప మరేదీ పోయవద్దన్నాను. ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది కాబట్టి మంచం కింద మూసిన అరలో పెట్టవద్దన్నాను. ఆయన విడిగా ఒక పెట్టె చేయించి, దాని నుంచి గాలి బయటికి పోయేలా గొట్టం బిగించి నిన్ననే ఫొటో పంపారు.