రాత్రి అన్నం మానడం మేలా, కంచంలో పాళ్లు మార్చడం మేలా?

నలభై అయిదు దాటిన ఆడవాళ్లకు నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా అడగకుండానే దొరికే సలహా ఒకటుంది: "రాత్రిపూట అన్నం మానెయ్యి వదినా, పొట్ట అదే తగ్గుతుంది." జాకెట్లు బిగుతవుతున్నాయనో, మేడ మెట్లెక్కితే మోకాళ్లు కలుక్కుమంటున్నాయనో అన్న మాట నోట్లో ఉండగానే ఎవరో ఒకరు ఈ మందు చెప్పేస్తారు. దానికి పోటీగా వినపడే రెండో సలహా ఇంత సూటిగా ఉండదు. మూడు పూటలా తినాలి, కాని తినేవాటి పాళ్లు మార్చుకోవాలి అంటుంది. మొదటిదానికి పైసా ఖర్చు లేదు, ఫలితం కూడా మొదటి వారాల్లోనే తూకంలో కనిపిస్తుంది. రెండోదానికి వంట మారాలి, వంట మారాలంటే ఇంటిల్లిపాది ఒప్పుకోవాలి. అయినా ఈ వయసులో ఒంట్లో జరిగేది ఏమిటో తెలిసి ఎంచుకుంటే రెండోదే మేలని నా అభిప్రాయం.

వరుసగా పన్నెండు నెలలు ముట్టు రాకపోతే ముట్లుడిగినట్టు వైద్యులు లెక్కిస్తారు. పాశ్చాత్య దేశాల్లో ఇది సగటున 51 ఏళ్లకు జరిగితే మన దేశంలో 46, 47 ఏళ్ల ప్రాంతంలోనే జరుగుతుంది. దానికి కొన్నేళ్ల ముందునుంచే ఈస్ట్రోజెన్ హార్మోను ఎగుడుదిగుడుగా ఉండి చివరికి బాగా తగ్గిపోవడంతో అంతవరకు తొడల్లో, పిరుదుల్లో చేరే కొవ్వు నడుము చుట్టూ చేరుతుంది, ఎముక పెళుసుబారడం వేగమందుకుంటుంది, చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది. వీటికి తోడు వయసుతో కండ కరుగుతుంది. కండ తగ్గినకొద్దీ ఊరికే కూర్చున్నప్పుడు శరీరం ఖర్చుచేసే శక్తి తగ్గుతుంది కాబట్టి, ముప్పై అయిదేళ్లప్పుడు తిన్నంతే తిన్నా ఇప్పుడు ఒళ్లు వస్తుంది. మన రాష్ట్రంలో ఇంకో సంగతి కూడా ఉంది. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందు వరసలో ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. గర్భసంచితో పాటు అండాశయాలను కూడా తీసేసినవారిలో ఈ మార్పులు మెల్లగా రావు, ఆపరేషన్ వెనకాలే వచ్చేస్తాయి. అటువంటివారు ఈ లెక్కలన్నీ ముప్పయ్యో ఏటో నలభయ్యో ఏటో మొదలుపెట్టక తప్పదు.

ఇప్పుడు రాత్రి మానేసే పద్ధతిని అంకెల్లో చూద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రమాణం ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి, అంటే అరవై కిలోల మనిషికి యాభై గ్రాములు. మన ఇళ్లల్లో మామూలు రోజు ఎలా గడుస్తుంది? పొద్దున మూడు ఇడ్లీలు, వేరుశనగ పచ్చడి కలిపి ఎనిమిది గ్రాములు. మధ్యాహ్నం వంద గ్రాముల బియ్యంతో వండిన అన్నం, గరిటెడు పప్పు, కాస్త కూర, ఓ కప్పు పెరుగు అన్నీ కలిస్తే పద్దెనిమిదో పంతొమ్మిదో. రెండుసార్లు తాగే కాఫీలో పాలవల్ల నాలుగు. రాత్రి చారన్నం, మజ్జిగన్నంలో ఎనిమిది, తొమ్మిది. అంతా కూడితే నలభై గ్రాముల దగ్గర ఆగుతుంది. ఉన్న లోటే పది గ్రాములు, రాత్రి భోజనం మానేస్తే అది ఇరవై దాకా పోతుంది. అటువంటప్పుడు తగ్గే బరువులో కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, ఏ కండ తరిగిపోతోందని మొదలుపెట్టామో ఆ కండే. మళ్లీ మామూలుగా తినడం మొదలుపెట్టగానే బరువు తిరిగి వస్తుంది గాని, పోయిన కండ దానంతటది రాదు.

అయితే మానేసే పద్ధతిలో మంచి లేదనడం న్యాయం కాదు. రాత్రి పదింటికి సీరియళ్లన్నీ అయ్యాక కంచం నిండా అన్నం తిని వెంటనే పడుకునే అలవాటున్నవారికి అది మానుకున్నాక పొట్టలో మంట తగ్గుతుంది, పొద్దుటి చక్కెర అంకె కూడా దిగవచ్చు. ఆ మేలంతా ఏడున్నర ఎనిమిదింటికల్లా తక్కువ అన్నంతో భోజనం ముగించినా వస్తుంది. దానికోసం ఆకలితో పడుకుని, అసలే ఒంట్లోంచి సెగలు లేచి నిద్రపట్టని వయసులో అర్ధరాత్రి బిస్కెట్ల డబ్బా వెతుక్కోనక్కర్లేదు. షుగరు మాత్రలు వేసుకునేవారైతే వైద్యుణ్ని అడక్కుండా రాత్రి భోజనం ఎగ్గొట్టనేకూడదు, చక్కెర పడిపోయే ప్రమాదం ఉంటుంది.

పాళ్లు మార్చడమంటే ఏమిటి? వరి పండే జిల్లాలో, నెల్లూరు మసూరి బియ్యం పుట్టిన చోట, అన్నం మానమంటే ఎవరూ వినరు, వినాల్సిన అవసరమూ లేదు. నాలుగు గరిటెల అన్నానికి గరిటెడు పప్పు అన్న లెక్కను రెండు గరిటెల అన్నానికి రెండు గరిటెల పప్పుగా మార్చడం, పొద్దున ఒక దోసె తగ్గించి ఒక గుడ్డు చేర్చడం, సాయంత్రం కాఫీతో జంతికలకు బదులు గుప్పెడు అలసంద గుగ్గిళ్లో వేయించిన శనగలో తినడం అన్నమాట. గుడ్డుతో ఆరు గ్రాములు, గుగ్గిళ్లతో మరో ఆరేడు వస్తాయి. కందులు పండించే ప్రకాశం మెట్టలో కందిపప్పుకు కరువు ఉండకూడదు గాని, అక్కడా పప్పుకంటే పప్పుచారుదే రాజ్యం. నీళ్లెక్కువైన పప్పుచారు కడుపు నింపుతుంది, కండకు పనికొచ్చేది అందులో కొంచెమే.

చేపల దగ్గర ఇంకో చిక్కుంది. నెల్లూరు చేపల పులుసు వండిన ఇంట్లో నడిముక్కలు ఎవరి కంచంలోకి వెళతాయో గమనించండి. వండినావిడకు మిగిలేది తల, తోక, అడుగున చిక్కటి పులుసు. ఆ పులుసే అన్నంలో కలుపుకుని "నాకిదే ఇష్టం" అంటుంది. పులుసులో ఉప్పు, నూనె, చింతపండు ఉంటాయి, మాంసకృత్తులుండేది ముక్కలోనే, వంద గ్రాములకు దాదాపు పద్దెనిమిది గ్రాములు. ఈ వయసులో ఒంటిని చూసుకోవడమంటే ముందు రెండు నడిముక్కలు తన కంచంలో వేసుకోవడమే. రాత్రి మిగిలిన అన్నం పారెయ్యడానికి మనసొప్పక నాలుగు ముద్దలు ఎక్కువ తినడం కూడా ఇలాంటిదే, కాని అది వేరే తగువు.

ఇక ఎముకల సంగతి. ముట్లుడిగినవారికి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని పోషకాహార సంస్థ 2020లో సవరించిన ప్రమాణాల్లో ఉంది. రాగిజావ తాగుతున్నాను కదా అని నిశ్చింతగా ఉండేవారు మన దగ్గర చాలామంది. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉన్న మాట నిజమే. కాని గ్లాసు జావలో పడేది రెండు చెంచాల పిండి, అంటే ఇరవై, ఇరవై అయిదు గ్రాములు. దాన్లోంచి వచ్చేది ఎనభై మిల్లీగ్రాములు, అందులోనూ గింజల్లో ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు అడ్డుపడి ఒంటికి పట్టేది ఇంకా తక్కువ. రాగులు మొలకెత్తించి పిండి పట్టిస్తే ఆ అడ్డు కొంత తగ్గుతుంది. అదే గ్లాసుడు పాలలో, 200 మిల్లీలీటర్లలో, 240 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, సులభంగా ఒంటికి పడుతుంది. పాలు పడనివారికి పెరుగు, చిక్కటి మజ్జిగ అదే పని చేస్తాయి. కాబట్టి రాగి, పాలు పక్కపక్కన పెడితే పాలదే పైచేయి. జావ కంటే సంగటి మెరుగు, పిండి ఎక్కువ పడుతుంది గనక. పాలు తాగనివారు మర్చిపోకూడనివి నెత్తళ్లు, ముల్లుతో సహా నమిలే చిన్న చేపలన్నీ. పచ్చి నెత్తళ్ల పులుసు వారానికి రెండుసార్లు మంచిది. ఎండు నెత్తళ్లలో కాల్షియం ఉన్నా ఉప్పు విపరీతం, రక్తపోటు ఉన్నవారికి వద్దు. చెంచా నువ్వులపొడి నూరు మిల్లీగ్రాములకు పైగా ఇస్తుంది గాని అందులో ఒంటికి పట్టేది పాలలో ఉన్నంత కాదు.

మాత్రలు? తిండితో ఎంత అందుతోందో చూసుకుని ఆ తక్కువైనంత వరకే. కార్బొనేట్ రకం కాల్షియం మాత్ర భోజనంతోపాటు వేసుకోవాలి, ఒక్కసారికి 500 మిల్లీగ్రాములకు మించితే ఒంటికి సరిగా పట్టదు. థైరాయిడ్ మాత్రకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి, ఐరన్ మాత్రతో కలిపి వేసుకోకూడదు. మూత్రపిండాల్లో రాళ్లు వచ్చినవారు డాక్టరు చెప్పందే ముట్టుకోకూడదు. ఏ కాల్షియమైనా ఒంటికి పట్టాలంటే విటమిన్ డి ఉండాలి, అది ఎండలోంచి రావాలి, ఇంట్లోనే గడిపేవారికి నెల్లూరు ఎండలో కూడా దాని కొరత ఉంటుంది.

ఉమ్మడి ప్రకాశంలో కనిగిరి వైపు మెట్ట ఊళ్లవారు మోకాళ్ల నొప్పి, నడుం పట్టేయడం వయసువల్లేనని తేల్చేసుకునే ముందు తాగేనీళ్లు చూసుకోవాలి. లీటరుకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దాటకుండా ఉండాలని, వేరే నీళ్లు దొరకనిచోట 1.5 వరకు మాత్రమే సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణం. ఆ ప్రాంతపు బోరునీళ్లలో అంతకు మించి ఉండడం కొత్త కాదు. ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ జబ్బులో మెడ, నడుము బిగుసుకుపోవడం, కింద కూర్చుని లేవలేకపోవడం ముట్లుడిగే వయసు బాధల్లాగే కనిపిస్తాయి. కాల్షియం తక్కువ తినేవారిలో ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువ చెరుపు చేస్తుంది. కాచి తాగితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైనకొద్దీ అది చిక్కబడుతుంది. కనక అక్కడ పాలా, రాగులా అని తేల్చుకునే ముందు ఆర్వో నీళ్లో రక్షిత మంచినీళ్లో ఇంటికి వచ్చే ఏర్పాటు చూసుకోవాలి.

నడక మేలా, బరువులు ఎత్తడం మేలా అన్న ప్రశ్నకు జవాబు అంత పొడుగు అక్కర్లేదు. నెల్లూరు ఏ.సి. సుబ్బారెడ్డి స్టేడియంలో తెల్లవారకముందే నడిచేవారికి గుండెకు, చక్కెరకు, మనసుకు మేలు జరుగుతోంది, అందులో సందేహం లేదు. కాని నడకతో చేతుల్లో, భుజాల్లో, వీపులో కండ పెరగదు. వారానికి 150 నిమిషాల నడకతో పాటు రెండు రోజులు కండలకు పనిపెట్టే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజూ గంట నడిచేవారు రెండు రోజులు ఆ సమయంలో సగం తీసి ఇంట్లోనే గోడకు ఆనించిన కుర్చీలో చేతులు ఆన్చకుండా పదిసార్లు కూర్చుని లేవడం, లీటరు నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని తలపైకి ఎత్తడం చేస్తే చాలు. రోలు, తిరగలి, బావి చేద ఉన్న రోజుల్లో ఈ లోటు ఉండేది కాదని పెద్దవాళ్లు అంటే కాదనలేం, అలాగని మిక్సీని అటకెక్కించేవారూ లేరు.

ఒంట్లోంచి సెగలు, రాత్రి చెమటలకు తిండితో చేయగలిగింది కొంతే. రోహిణి కార్తెలో ఎవరికైనా ఉక్కపోతే, ఈ వయసులో రెట్టింపు. ఏది తింటే సెగ లేస్తోందో పదిరోజులు రాసుకుంటే తెలిసిపోతుంది: కొందరికి సాయంత్రం కాఫీ, కొందరికి నెల్లూరు కారం దోసె, కొందరికి వేడివేడి చారు. అదొక్కటి మార్చుకుంటే చాలు, కారమంతా మానేసి చప్పిడి తినక్కర్లేదు. ఉప్పు మాత్రం రోజుకు అయిదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, దాటకుండా చూసుకోవాలి. పచ్చళ్లు, ఎండుచేపలు, అప్పడాలు లెక్కలోకి తీసుకుంటే మనం ఎక్కడ ఉన్నామో తెలుస్తుంది.

సెగలతో నిద్ర పూర్తిగా చెడి, పని చేసుకోలేని స్థితి వస్తే ఆహారమా, హార్మోను మాత్రలా అన్న పోలికలో ఆహారం ఓడిపోతుంది. అరవై ఏళ్లలోపు, ముట్లుడిగి పదేళ్లు దాటనివారికి హార్మోను చికిత్స బాగా పనిచేస్తుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి, రక్తం గడ్డకట్టే జబ్బున్నవారికి, కాలేయ వ్యాధి ఉన్నవారికి అది పనికిరాదు గనక స్త్రీవైద్య నిపుణురాలితో మాట్లాడి తేల్చుకోవాలి. పన్నెండు నెలలు ముట్టు ఆగాక మళ్లీ రక్తం కనిపిస్తే, ఒక్క చుక్కయినా, వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగి ఊరుకోకుండా ఆ వారంలోనే ఆసుపత్రికి వెళ్లి స్కానింగ్ చేయించుకోవాలి.